సంఘపు బండికి సొరుగుబల్ల వలయునా?

మన సంఘమునకు గల రెండు మోటారుబండ్లకును సొరుగుబల్లలు అమర్చవలయునను తీర్మానము రాబోవు మహాజనసభ యెదుటకు వచ్చుచున్నది. యువకులగు సభ్యులు కొందఱు దీనిని మిక్కిలి యుత్సాహముతో బలపఱచుచున్నారు. పెద్దలు కొందఱు మాట వినగనే తల యడ్డముగా నూపుచున్నారు. ఉభయులును మా యభిప్రాయ మడిగిరి. సభలో నొక గడియలో చెప్పి ముగింపదగిన విషయము కాదు గనుక ఈ పత్రికాముఖమున విన్నవించుకొనుచున్నాము. సభ్యులు చదివి, ఇంట నలుగురితో ముచ్చటించి, తమ నిర్ణయముతో సభకు రావలయునని మా కోరిక.

ముందుగా వస్తువేమో తెలిసికొందము. మేజాకు సొరుగెట్టిదో బండి తొట్టికి ఈ బల్ల యట్టిది. తొట్టి యడుగున రెండు ఇనుప పట్టాలు బిగింతురు. వానిపై చిన్న చక్రములు గల బల్ల నమర్తురు. వెనుక డోరు దింపి, గొళ్ళెము తీసి లాగినచో బల్ల సరకుతోగూడ వెలుపలికి వచ్చును. కొన్ని బల్లలు ముప్పాతిక వంతు, కొన్ని నిండుగా బయటకు వచ్చును. అమెరికాదేశమున అమ్మకములోనున్నవి సామాన్యముగా వేయి పౌనులు మొదలుకొని రెండువేల పౌనులదాక బరువు మోయునని ప్రకటింపబడుచున్నవి. అనగా మన లెక్కలో సుమారు 450 కిలోలు మొదలు 900 కిలోలవఱకు. ఈ అంకెలను సభ్యులు గుర్తుంచుకొందురుగాక. మున్ముందు వీనితో మనకు పని యున్నది.

ఈ బల్ల ఆ దేశమున ఏల పుట్టెనో విచారించితిమేని మన ప్రశ్నకు సగము జవాబు దొరకును. అచ్చటి పికప్పు బండ్లకు తొట్టి ప్రక్కగోడలు బండి శరీరముతో కలిసియుండును. అవి క్రిందికి దిగవు. దిగునది వెనుక డోరు మాత్రమే. పైన మూత గూడ వేసికొందురు. ఇక ముందువైపున నున్న పెట్టె కావలెనన్నచో మనుష్యుడు మోకాళ్ళపై ప్రాకుచు లోనికి పోవలసినదే. ఆ ప్రాకులాట తప్పించుటకే సొరుగు పుట్టినది. వడ్రంగులు, విద్యుత్తు పనివారు, యంత్రములు బాగుచేయువారు అట్టి బండ్లలో పనిముట్లు పెట్టుకొని దినమునకు పదిమార్లు తీయుచు పెట్టుచు నుందురు. వారికిది నిజముగా మేలైన సాధనము.

మన దేశపు బండ్లు వేఱు. 2005వ సంవత్సరమున టాటావారి ఏస్ బండి వచ్చినది మొదలు, మహీంద్రావారి బొలెరో పికప్పు మొదలగువానితోగూడ, చిన్న సరకుబండ్లు పల్లెపల్లెకును ప్రాకినవి. వీనిలో సామాన్యముగా మనము వాడునవి మూడు డోర్ల బండ్లు. కుడిప్రక్క, ఎడమప్రక్క, వెనుక, మూడును దిగును. డోర్లు దింపినచో తొట్టి యరుగువలె నగును. కూలివాడు నేలపై నిలిచి ఏ ప్రక్కనుండియైనను బస్తా నందుకొనగలడు. ప్రాకవలసిన యగత్యమే లేనిచోట ప్రాకులాట మాన్పు సాధన మెందులకు? ఇది మా మొదటి ప్రశ్న.

ఇప్పుడు మన పెద్దబండి మాట. ఇది మిరపకాలమున గుంటూరు యార్డునకు టిక్కీలు చేర్చును. ప్రత్తికాలమున బోరెములు మోయును. దీని మోత 1,700 కిలోలు. టిక్కీ 40 కిలోలని యనుకొన్నచో 42 టిక్కీలు పట్టును. నూఱు కిలోల సొరుగుబల్ల పెట్టితి మనుకొనుడు. ఆ నూఱు కిలోలును మోతలోనుండియే పోవును గాని ఆకాశమునుండి రావు. మిగిలిన 1,600 కిలోలకు 40 టిక్కీలు. ప్రతి ప్రయాణమునకును రెండు టిక్కీలు తరుగు. ముప్పది ప్రయాణములకు అరువది టిక్కీలు. వానిని చేర్చుటకు ఇంకొకటిన్నర ప్రయాణము కావలెను. పేటనుండి గుంటూరునకు పోయివచ్చుటకు సుమారు ఎనుబది కిలోమీటర్ల చమురు ఎవరి జేబునుండి వచ్చును? రైతు జేబునుండియే గదా.

అంతకంటె ముఖ్యమైన మాట యింకొకటి. మీదు చెప్పిన బల్లలలో గట్టిదియైనను 900 కిలోలకు మించి మోయదు. మన బండి యెత్తునది 1,700 కిలోలు. బల్లమీద 1,700 కిలోలు వేసితిమా, బల్ల చెడును. 900 కిలోలే వేసితిమా, బండి సగము వట్టిదిగా పోవును. ఇరువైపుల నష్టమే.

ప్రత్తి సంగతి చూచినను అంతే. ప్రత్తికి బరువు తక్కువ, పరిమాణ మెక్కువ. బోరెము తొట్టి నిండి పైకి పొంగి ప్రక్కలకు ఒఱయుచుండును. దానిని లాగుటకు సొరుగు కాదు, త్రాళ్ళును నలుగురు మనుష్యులును కావలెను. పైగా బల్ల తొట్టి యడుగును మూడు నాలుగు అంగుళములైనను పైకెత్తును. ఎండలో వందవ బస్తా నెత్తువానికి నాలుగంగుళము లెంత యెత్తో, ఎత్తిన నడుము చెప్పవలెను గాని చూచిన కన్ను చెప్పజాలదు.

మన నేల స్వభావమును గూడ మఱువరాదు. ఈ సొరుగుల చక్రములకు లోపల బేరింగులుండును. రేగడిమట్టి తడిసినప్పుడు జిగురు, ఎండినప్పుడు ఱాయి. ప్రత్తి నూగు గాలిలో తేలివచ్చి తిరుగు ప్రతి ఇరుసునకు చుట్టుకొనును. మిరప పొడి, తొడిమలు, గింజలు పట్టాల సందులలో చేరును. వారమునకొకసారి తుడిచి కందెన వేయనిచో సొరుగు బిగిసికొనిపోవును. కందెన యెక్కువైనచో టిక్కీకి మరక తగులును. మరకబడిన టిక్కీని చూచి కొనుగోలుదారు ధర తగ్గించిన, ఎనిమిది మాసములు చేను కాచిన రైతునకు కలుగు వేదన వర్ణింపనలవి కాదు.

ఇక ప్రాణభయము మాట. దీనిని మన కోటప్పకొండ ప్రభల నుదాహరణముగా గైకొని చెప్పెదము. శివరాత్రికి పేట పరిసర గ్రామములనుండి ప్రభలు కదలునప్పుడు, అంత యెత్తు కట్టడమును నిలువునా నడిపించుటకు నాలుగు వైపుల మోకులు పట్టుకొని ఎందఱు యువకులు నడతురో మనము చిన్ననాటినుండి చూచుచున్నాము. ఎందులకు? బరువు ఇరుసుపైనుండి ప్రక్కకు తొలగిన క్షణముననే ఆపద వచ్చునని మన పెద్దలకు తెలియును. సొరుగు లాగినప్పుడును అదే జరుగును. ఎనిమిదడుగుల బల్లపై 500 కిలోల సరకు సమముగా పఱచితి మనుకొనుడు. బల్లను ఆఱడుగులు లాగగా సరకు నడిమి బిందువుగూడ ఆఱడుగులు వెనుకకు జరుగును. మొదట నది వెనుక ఇరుసు మీదనే యుండెనేని ఇప్పుడు ఇరుసునకు ఆఱడుగులు వెనుక నుండును. ముందు ఇరుసునకును వెనుక ఇరుసునకును నడుమ పదియడుగులున్నచో, ముందు చక్రములమీదనుండి 300 కిలోల బరువు తేలిపోవును. వెనుక ఇరుసుమీద 800 కిలోలు పడును. త్రైరాశికము నేర్చిన బాలుడు సైతము ఈ లెక్క కట్టగలడు. సమమైన గట్టినేలపై దీనివలన ప్రమాదము లేకపోవచ్చును. కాలువకట్ట యేటవాలున, మెత్తని డొంకలో, ముందు చక్రములు మెఱకపై నున్నప్పుడు మాత్రము బండి కుదురు చెడును. బల్ల తనంతట తానే దూసికొని వచ్చును.

ఇది యూహ కాదు. మేము నగరమున నొక పనిశాలకు సొరుగుబల్ల చూడబోయితిమి. చూచిన మొదటి నిమిషమున ముచ్చటపడితి మని యొప్పుకొనుచున్నాము. ఒక్క చేతితో లాగగా నాలుగు ఇనుప పెట్టెలు వెన్నవలె జాఱి వచ్చినవి. తక్షణమే రెండు కావలెనని చెప్పబోవునంతలో, వెనుకకు కొంచెము వాలియున్న వేఱొక బండివద్ద పనినేర్చుకొను పిల్లవాడు గొళ్ళెము తీసెను. బల్ల వానికంటె వేగముగా వచ్చి వాని పొట్టలో తాకెను. వాడు కూలబడి, కొంతసేపటికి లేచి నవ్వుటకు ప్రయత్నించెను. మాకు నవ్వు రాలేదు. ఆ పెట్టెలకు బదులు నాలుగువందల కిలోల ఎరువులున్నచో ఆ పిల్లవాని తల్లికి ఎవరు జవాబు చెప్పుదురు? ఆ దినమునుండి మా యాలోచన మాఱినది.

చట్టము మాటగూడ రెండు ముక్కలలో చెప్పెదము. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము, నమోదు పత్రమునందలి వివరములకు భేదము కలుగునట్లు బండిని మార్చరాదు. 2019వ సంవత్సరమున సర్వోన్నత న్యాయస్థానము సైతము ఈ నియమమును గట్టిగా నొక్కి చెప్పినది. తొట్టిలో నొక బల్ల బిగించుట ఆ నియమమునకు లోబడునా లేదా యని మనలో మనము వాదించుకొనుటకంటె, రవాణా కార్యాలయమునకును బీమా సంస్థకును వ్రాసి వ్రాతమూలకముగా జవాబు పొందుట మేలు. నోటిమాట ప్రమాదము జరిగిన దినమున అక్కఱకు రాదు. మఱియు బల్లను బయటకు లాగి పొడుగాటి సామాను వేసికొని నడుపవచ్చునని యెవరో చెప్పుచున్నారట. అది ఎంతమాత్రమును కూడదు. తొట్టి దాటి సరకు వెలుపలికి వచ్చినచో ఆ చట్టమే 20,000 రూపాయల దండనము విధించుచున్నది. పరిమితికి మించి బరువు వేసినను 20,000 రూపాయలును, మించిన ప్రతి టన్నునకు 2,000 రూపాయలును దండనమే.

ఇంతవఱకు చదివినవారు మేము సొరుగుబల్లకు శత్రువులమని తలపవచ్చును. కాము. మన చిన్నబండి సంగతి వేఱుగా నున్నది.

చిన్నబండికి రేకు గూడు కట్టియున్నది. ప్రక్క డోర్లు గూటిలో కలిసిపోయి దిగుట లేదు. అనగా మనమే దానిని అమెరికాబండి వంటిదానిగా జేసితిమి. అందు విత్తనములు, పురుగుమందులు, చేతిపంపులు, మట్టి నమూనాల సంచులు, మరమ్మతు పనిముట్లు వేసికొని మేము దినమునకు ఏడెనిమిది గ్రామములు తిరుగుచుందుము. ఏ గ్రామమున ఏ వస్తువు కావలసివచ్చునో ముందు తెలియదు. కావలసినది సర్వదా అడుగున, ముందువైపుననే యుండును. ఇది బండి శాపము కాబోలు.

గత మిరపకాలమున జరిగిన సంగతి దాచక చెప్పుచున్నాము. ఒక గ్రామమున పంపు తీయుటకై మా సహాయకుడు గూటిలోనికి వంగి ప్రాకెను. మోకాలు మందు డబ్బాపై పడి మూత సడలినది. ఎవరును గమనింపలేదు. తరువాతి గ్రామమునకు పోవునప్పటికి మందు కాఱి విత్తనపు సంచులు రెండు తడిసినవి. వాసన తగిలి చూచితిమి గనుక సరిపోయినది. చూడక ఇచ్చినచో ఆ విత్తనమును చేతితో ముట్టువారు ఆడకూలీలు. ఆ చేతితోనే మధ్యాహ్నము అన్నము తినువారు. పురుగుమందును చేతితొడుగు లేక ముట్టరాదని ఊరూర బోధించు మేమే ఆ మందును విత్తనముల మీద పోసికొంటిమి. ఆ సిగ్గు నేటికిని మమ్ము విడువలేదు. ఆ సంచులు పూడ్చివేసి వాని వెల సంఘమునకు మేము చెల్లించితిమి. కాని వెల చెల్లించుట దిద్దుబాటు కాదు.

కాబట్టి చిన్నబండికి సొరుగుబల్ల వలయునని మా యభిప్రాయము. అది పొలిమేరలో నిలిపి, లాగి, కావలసినది నిలువుగా నిలిచి తీసికొని, మరల నెట్టి గొళ్ళెము వేయుటకు వీలిచ్చును. అందు సరకు 300 కిలోలు మించదు. ఏ బల్లయైనను దానిని మోయగలదు.

ఖర్చు లెక్క యిట్లు కట్టవచ్చును. ధరపట్టీలు ఇంకను రాలేదు. లెక్కకొఱకు మాత్రము బల్ల 60,000 రూపాయలనియు, ఆఱు సంవత్సరములు మన్నుననియు అనుకొందము. సంవత్సరమునకు 10,000 రూపాయలు. చిన్నబండి సంవత్సరమున 200 దినములు తిరిగినచో దినమునకు 50 రూపాయలు పడును. గ్రామమునకు ఐదు నిమిషముల చొప్పున ఎనిమిది గ్రామములలో నలువది నిమిషములు మిగులును. ఆ వ్యవధిలో ఇంకొక రైతు చేను చూడవచ్చును. పెద్దబండి టిక్కీలకై తిరుగు ప్రయాణములు ముప్పది. ఆ 10,000 రూపాయలను ముప్పదిచే భాగించినచో ప్రయాణమునకు 333 రూపాయలు. దానిపై రెండు టిక్కీల తరుగు. వస్తువొక్కటే, ధర యొక్కటే. ఒక బండికి లాభము, ఇంకొక బండికి నష్టము. ఏ సాధనమునైనను ఎవరు, ఎచ్చట, ఎన్నిమార్లు వాడుదురని యడుగక మంచిచెడ్డలు నిర్ణయింపరాదని దీనివలన తెలియుచున్నది.

చిన్నబండికి బల్ల పెట్టుటకు సభ యంగీకరించినచో ఈ నియమములు తీర్మానములోనే చేర్పవలయును. గొళ్ళెము లోపల మాత్రమే గాక, బయటకు లాగినప్పుడు గూడ రెండు మూడు చోట్ల పడునట్లుండవలెను. బండి సమతలమున నిలిపి, చేతిబ్రేకు వేసి, చక్రమునకు ఱాయి పెట్టిన తరువాతనే బల్ల లాగవలెను. లాగువాడు బల్లకు ప్రక్కన నిలువవలెనే గాని ఎదుట నిలువరాదు. పిల్లలను దరికి రానీయరాదు. బల్లమీద ఎవరును కూర్చుండరాదు. పురుగుమందులకు మూత గల పెట్టె వెనుకవైపు కుడిమూలను, విత్తనములకు పెట్టె ముందువైపు ఎడమమూలను స్థిరముగా బిగింపవలెను. ఆ రెండును ఎన్నడును స్థలము మార్చుకొనరాదు. శనివారము శనివారము పట్టాలు తుడిచి, తుడిచినవారు పుస్తకమున సంతకము చేయవలెను.

పెద్దబండికి మఱి యేమియు వలదా? వలయును. పెద్దలు కొందఱు, "హమాలీలుండగా మనకీ హంగు లెందుల"కని యనుచున్నారు. ఆ మాట మాకు రుచింపదు. హమాలీయు మనుష్యుడే, వానికిని నడుము ఒక్కటే. 1967వ సంవత్సరముననే అంతర్జాతీయ కార్మిక సంస్థ, వయసు వచ్చిన పురుషుడు చేతితో మోయు బరువు 55 కిలోలు మించరాదని సూచించినది. మన దేశమున యూరియా బస్తా 2018 మార్చి మొదలు 50 కిలోలనుండి 45 కిలోలకు తగ్గినది. అది ఎరువు పొదుపునకై జరిగినను మోయువానికి ఐదు కిలోల ఊరట కలిగెను. టిక్కీ 40 కిలోలైనను, ఒక దినమున రెండువందల టిక్కీలు నేలనుండి తొట్టికెత్తినచో ఎనిమిది వేల కిలోలు మూడడుగు లెత్తినట్లు. ఈ భారమును తగ్గించుట మన ధర్మము.

అందులకు సొరుగు కాదు, అరుగు కావలెను. మన గిడ్డంగి వాకిట తొట్టి యడుగునకు సరిసమానముగా సుమారు మూడడుగుల యెత్తున నొక రాతి యరుగు కట్టింతము. ఒక ప్రక్క ఏటవాలు దారి పెట్టింతము. అడుగు యెత్తునకు పదియడుగుల పొడవు చొప్పున ముప్పదియడుగుల దారియైనచో చేతిబండిమీద నాలుగేసి టిక్కీలు ఇద్దఱు తేలికగా త్రోయగలరు. బండి వెనుకకు వచ్చి అరుగున కానుకొన్నచో టిక్కీని ఎత్తవలసిన పనియే లేదు; అడ్డముగా జరిపిన చాలును. ట్రాక్టరు ట్రాలీయు లారీయు ఇంకను ఎత్తుగా నుండును గనుక వానికొక గట్టి పలక ఆనించుకొనవచ్చును. అరుగునకు బేరింగులు లేవు, కందెన అక్కఱలేదు, బండి మోత తరుగదు, రవాణా కార్యాలయపు అనుమతి యడుగ పనిలేదు. బండి పాతబడి అమ్మివేసినను అరుగు మిగులును. సంఘపు బండికే గాక ఏ సభ్యుని బండికైనను ఉపయోగపడును. ఎడ్లబండి కాడి పైకెత్తి, బండిని వెనుకకు వంచి, ఒక్క పెట్టున పెంటయెరువు దింపు ఉపాయము కనిపెట్టిన మన తాతలు ఇనుము కొనలేదు. బరువు తనంతట తానే జాఱుదారి చూచుకొనిరి. ఆ బుద్ధి మనకును రావలయును.

యువక సభ్యులు మాపై అలుగరాదు. క్రొత్త సాధనమును తెచ్చి చూపిన వారి చొరవను మేము మెచ్చుకొనుచున్నాము. వారు తీర్మానము తేనిచో మేము గూటిబండి దోషమును ఇంకొక సంవత్సరము ఓర్చుకొని యుందుము. అరుగు మాటయు ఎవరికిని తోచియుండదు. పెద్దలును ఒక సంగతి యోచింపవలెను. అన్నిటికిని వలదనుట పొదుపు కాదు. తడిసిన రెండు విత్తనపు సంచులు మన కన్నులముందే యున్నవి.

కావున మా మనవి యిది. తీర్మానమును రెండుగా విడదీయుడు. చిన్నబండికి పై నియమములతో సొరుగుబల్ల మంజూరు చేయుడు. రవాణా కార్యాలయపు జవాబు, బీమా సంస్థ జవాబు, మూడు ధరపట్టీలు చేతికి వచ్చిన పిదపనే సొమ్ము చెల్లింపుడు. పెద్దబండికి వలదనుడు. దానికై కేటాయింపదలచిన మొత్తమును గిడ్డంగి యరుగునకు మార్చుడు. ప్రత్తి వచ్చుటకు ముందే అరుగు పూర్తియైనచో ఈ సంవత్సరపు మిరపకాయను దానిమీదనుండియే బండి కెక్కింపవచ్చును. సొమ్ము మనందఱిది. మోయు నడుము మాత్రము వేఱొకరిది. రెంటిని తలచుకొని సభ్యులు చేయెత్తుదురుగాక.